మూట బయటి చీటీ

ఈ గంటలో చేయవలసిన పనులు ఇవి. గొంతు తడుపుకోవాలి. అమ్మకు ఫోన్ చేసి చేరానని చెప్పాలి. చెమటకు జారుతున్న చీర కుచ్చిళ్లకు ఇంకో పిన్నీసు పెట్టాలి. పాఠానికి ఉదాహరణలు వెతకాలి, అవి లండన్ మంచు మీదా సముద్రపు ఒడ్డు మీదా ఉండకూడదు. పిల్లలు నవ్వే చోటు ఒకటి ఉండాలి. బోర్డు మీద అక్షరాలు కిందికి జారిపోకుండా రాయాలి. వేగంగా మాట్లాడకూడదు. అన్నిటికన్నా ముందు, చేతిలోని ఈ కాగితం ముక్కను మళ్లీ మళ్లీ విప్పి చూడడం మానాలి.

మానలేకపోతున్నాను. విప్పిన ప్రతిసారీ అదే ఉంటుంది, అడ్వర్బ్స్ బిఫోర్ నౌన్ ఫ్రేజెస్, ఏడో తరగతి. హెడ్మిస్ట్రెస్ మేడం స్టీలు డబ్బా కుదిపి నా ముందుకు చాచినప్పుడు నా వేళ్లు అడుగుదాకా పోయి ఈ ముక్కనే ఎందుకు పట్టుకున్నాయో, పైన అంత సులభంగా అందేవి ఉండగా. ఒకరికి టెన్సెస్ వచ్చింది, ఒకరికి ఆర్టికల్స్, ఒకరికి లెటర్ రైటింగ్. ఇంటర్వ్యూకు రమ్మన్నారే గానీ పాఠం చెప్పాలని ముందుగా ఎవరూ అనలేదు, వచ్చాక చెప్పారు, ఒక్కొక్కరికి ఒక గంట, ఆ తర్వాత నిజం పిల్లలు, నిజం క్లాసు, వెనక బెంచీలో ముగ్గురు పెద్దలు. ఉరవకొండ బయట, వేరుశనగ చేల మధ్య, ఆడపిల్లల గురుకులం వరండాలో ఇలా కూర్చుని ఉన్నాను, ఒళ్లో సర్టిఫికెట్ల సంచి, గుండె మాత్రం కనేకల్ రోడ్డులో మా బస్సు ఎగిరినట్టు ఎగురుతోంది. ఇంగ్లీషు టీచరు పోస్టు ఒక్కటే. ఈసారి రాకపోతే సోమవారం నుంచి కుట్టు మిషన్ మీద నేను కూర్చుంటానని అమ్మకు మాటిచ్చాను. అమ్మ అడగలేదు, నేనే ఇచ్చాను, ఎందుకంటే రాయదుర్గంలో జీన్స్ కుట్టే వాళ్లలో మా అమ్మ రోషన్ బీ అంత గట్టిగా పక్క కుట్టు వేసేవాళ్లు లేరంటారు గానీ, ఆ గట్టిదనం అంతా ఆమె వెన్నులోంచి పోయింది, సాయంత్రం లేచేటప్పుడు మిషన్ బల్లను పట్టుకుని లేస్తుంది. కూర్చోవడానికి నాకు నామోషీ లేదు. చదువుకునే రోజుల్లో సెలవులన్నీ అక్కడే గడిపాను. కానీ కూర్చుంటే మళ్లీ లేవనేమో అని భయం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే, వెనక్కి ఎలా రావాలో చెప్పేవాళ్లు కూడా ఎవరూ లేరు.

"ఏమొచ్చింది మే నీకు?" అంది పక్కనున్న త్రివేణి అక్క. అక్క అని పొద్దున్నుంచే అంటున్నాను, ఈ వరండాలో కలిసిన మనిషే అయినా. ధర్మవరం ఆమెది, ఇంట్లో మగ్గం, నాన్న వెంకటేశులు పట్టుచీరలు నేస్తాడు. నా తర్వాత ఆమె వంతు. కాగితం చూపించాను. చదివి నాలుక కరుచుకుంది. "థూ, ఇదేం కర్మ. నాకు టెన్సెస్ వచ్చింది, నిద్దట్లో లేపినా చెప్తా. నీకు ముల్లుకంప తగిలిందే." అని, నా మొహం చూసి సోంపు గింజలు నాలుగు నా అరచేతిలో పోసింది. "నములు. ముల్లుకంపే గానీ మేకలు తింటాయి కదా దాన్ని."

మేకలు తింటాయి. ఈవెన్ ద గోట్స్. కాంపౌండు గోడ అవతల నిజంగానే మేకలు, కానుగ చెట్టు కింద వెనక కాళ్ల మీద నిలబడి కొమ్మలు అందుకుంటున్నాయి, కానుగాకు చేదు, దాన్ని కూడా తింటున్నాయంటే మేత ఎంత కరువో. ఈవెన్ ద గోట్స్ ఆర్ వెయిటింగ్ ఫర్ రెయిన్. ఆ వెనక చేలు, వేరుశనగ పూత అయిపోయి ఊడలు దిగే వేళ, ఊడ నేలలోకి దిగాలంటే నేల మెత్తబడాలి, మబ్బు మాత్రం పొద్దున నిండుగా వచ్చి మధ్యాహ్నానికి తూర్పుకు పోతుంది. హార్డ్లీ ఎనీ రెయిన్. అబ్బ, హార్డ్లీ ఎనీ రెయిన్, ఎంత చక్కగా కూర్చుంది. ఆల్మోస్ట్ ఎవ్రీ బోర్‌వెల్. ఓన్లీ ద విండ్‌మిల్స్, కొండల మీద ఆ గాలిమరలు మాత్రమే పని చేస్తున్నాయి ఈ ఎండలో, ఓన్లీ ద విండ్‌మిల్స్ ఆర్ వర్కింగ్. జస్ట్ ఎ డ్రాప్. క్వైట్ ఎ క్రౌడ్, ట్యాంకర్ వచ్చినప్పుడు బిందెలతో క్వైట్ ఎ క్రౌడ్. నేను వెతుకుదామనుకున్న ఉదాహరణలు చేలల్లో నిలబడి నా వైపు చేతులూపుతున్నట్టుంది. మా నేలకు ఉన్నవే ఈ మాటలు. వాన అని ఊరికే ఎవరూ అనరు మా దగ్గర, వాన అంటే ముందో వెనకో ఇంకో మాట తగిలిస్తారు, ఒక్క వానైనా, వాన కూడా, వాన మాత్రమే. ఎంత ఉందో, ఎంత లేదో, అది చెప్పే మాట లేకుండా ఇక్కడ దేని పేరూ పలకలేం.

ఆగాలి, ఆగాలి. ముందో వెనకో అన్నాను. మేకలు కూడా. గాలిమరలు మాత్రమే. ఒక్క చుక్కే. మనం వెనక తగిలిస్తాం, వాళ్లు ముందు తగిలిస్తారు. దాదాపు ఊరంతా అన్నప్పుడు ముందుకు వస్తుంది నిజమే, దాన్ని కప్పిపెట్టకూడదు, ఎవరైనా పాప అడిగితే ఉందని ఒప్పుకోవాలి. కానీ ఎక్కువగా వెనకే. అందుకేనా. పోయిన ఏడాది అనంతపురంలో ఇంటర్వ్యూలో, ఈ సంచి బాగుంది ఎక్కడ కొన్నావని ఇంగ్లీషులో అడిగితే, మై మదర్ ఓన్లీ స్టిచ్డ్ ఇట్ అన్నాను, బల్లకు అవతలి ముగ్గురిలో ఇద్దరు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. మా అమ్మే కుట్టింది అని నా మనసులో ఉన్నది, ఆ 'ఏ' అమ్మ వెనక ఎంత గర్వంగా నిలబడి ఉందో, నేను దాన్ని అక్కడే అలాగే వదిలి ఇంగ్లీషులోకి తీసుకుపోయాను. బస్సులో ఇంటికొచ్చేదాకా చెవులు వేడిగా ఉండినాయి. ఇప్పుడు ఈ పిల్లలు, ఈ ఏడో తరగతి పిల్లలందరూ రేపు అదే అంటారు, మై ఫాదర్ ఓన్లీ కేమ్, మై సిస్టర్ ఓన్లీ టోల్డ్, ఎవరో ఒకరు నవ్వుతారు. నవ్వకముందే ఎవరైనా చెప్పాలి. నేను చెప్పాలి. కాగితం ముక్క ముల్లుకంపలా లేదిప్పుడు, నాకోసమే చుట్టి డబ్బా అడుగున పెట్టినట్టుంది. కానీ ఎలా చెప్పాలి, నియమం రాసి బట్టీ పట్టిస్తే నాకు బట్టీ పట్టించినట్టే అవుతుంది, బట్టీ పట్టే కదా ఆ రోజు నేను ఓన్లీ అన్నది.

ఫోన్. నేను చేయకముందే అమ్మే చేసింది, వెనక మిషన్ల మోత.

"చేరినావా? తిన్నావా?"

"తిన్నా. పాఠం చెప్పల్ల అంట అమ్మా, ఇప్పుడే."

"చెప్పు, దానికేముంది. ఏం పాఠం?"

"మాటకు ముందర వచ్చే మాట గురించి."

"మాటకు ముందర మాటేంది? ఏమో నీ చదువు. నిదానంగా చెప్పు. తొందరపడి మీ నాయన పాంటు చేసి పెట్టొద్దు."

ఫోన్ పెట్టేసింది. మా ఇంట్లో ఏ పని తారుమారైనా ఆ మాటే, నాయన పాంటు. చారులో ఉప్పు రెండుసార్లు పడినా నాయన పాంటే. మా నాయన మాబు సాబ్ పాత టీవీఎస్ మీద యూనిట్ నుంచి ఇళ్లకు మూటలు చేరవేస్తాడు. కటింగ్ మాస్టరు కోసిన ముక్కలను, ఒక బట్ట తాను నుంచి వచ్చినవి ఒక మూటగా, బట్ట అంచు పట్టీతో గట్టిగా బిగించి, ముడి దగ్గర బయట తాను నంబరు రాసిన చీటీ కడతారు. తానుకూ తానుకూ రంగులో వెంట్రుకంత తేడా ఉంటుంది, విడిగా చూస్తే కంటికి తెలియదు, పక్కపక్కన కుడితే వీధి చివరికి తెలుస్తుంది. అందుకే చీటీ ఎప్పుడూ ముడి బయటే. అది మూటలో ఉన్న అన్నిటి గురించీ చెబుతుంది, పక్క మూట గురించి ఒక్క మాట చెప్పదు. ఒక ఆషాఢం గాలికి, ఆ గాలి తెలిసిన వాళ్లకే తెలుస్తుంది, మనిషిని బండితో సహా తోస్తుంది, చీటీలు ఎగిరిపోతాయని నాయన వాటిని భద్రంగా ముడి విప్పి లోపల పెట్టి కట్టాడు. మంచికే చేశాడు. ఇళ్లకు చేరి మూటలన్నీ ఒకచోట విప్పగానే చీటీలు జారి కలిసిపోయి ఏ చీటీ ఏ ముక్కల దొంతరదో ఎవరికీ తెలియలేదు, ఎవరికి తోచినట్టు వాళ్లు కుట్టారు, పాంట్లన్నీ ఒక కాలు నల్లమబ్బు, ఒక కాలు ఎండిన చెరువు. ఓనరు తిట్టి, అందులో ఒకటి నాయన మొహాన కొట్టాడు. నాయన దాన్ని ఉరుసుకు ఇస్త్రీ చేయించి తొడుక్కున్నాడు. ఏమప్పా మాబూ, ఇదేం పాంటు అని బజారంతా అడిగితే, "ఒక కాలు ఎండకు, ఒక కాలు నీడకు. అనంతపురం జిల్లావోనికి ఇంతకంటే ఏం కావల్ల?" అన్నాడు. ఇప్పటికీ అదే తొడుగుతాడు.

చీటీ ముడి బయట.

నేను లేచి నిలబడ్డాను, త్రివేణి అక్క సోంపు ఒలికిపోయింది. ఈవెన్ బయట. ఓన్లీ బయట. ఆల్మోస్ట్, క్వైట్, జస్ట్, హార్డ్లీ, అన్నీ బయట. ద ఓల్డ్ వెల్ అనేది మూట. ద, ఓల్డ్, వెల్, మూడూ ముక్కలు, అంచు పట్టీతో బిగించాం. ఈవెన్ ద ఓల్డ్ వెల్. ద ఈవెన్ ఓల్డ్ వెల్ అంటే చీటీ మూటలోకి దూరినట్టు, నాయన పాంటు అయినట్టు. క్వైట్ ఎ క్రౌడ్ ఎందుకు అలా ఉంటుందో, ఆ ఎ ముందు క్వైట్ వచ్చి నిలబడడం ఏమిటో ఎం.ఏ. దాకా నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు, పరీక్షలో రాశాను, మార్కులు వచ్చాయి. ఇప్పుడు తెలిసింది. ముడి ఎ దగ్గరే ఉంది. ఎ గానీ ద గానీ వచ్చిందంటే అక్కడి నుంచి మూట మొదలు. చీటీ దానికి ముందు. పిల్లలతోనే చేయిస్తాను, ముగ్గురు పాపల మెడల్లో ద, ఓల్డ్, వెల్, వాళ్ల చుట్టూ పట్టీ, తాడుతో బస్సాట ఆడుకున్నట్టు. నాలుగో పాప ఈవెన్. దూరడానికి చూస్తుంది, పట్టీ దూరనివ్వదు, క్లాసంతా నవ్వుతుంది. పట్టీ నా దగ్గరే ఉంది, ఒళ్లోనే ఉంది, అమ్మ ఈ సంచిని కట్టింది జీన్స్ అంచు పట్టీతోనే, విప్పితే ముగ్గురు కాదు ఐదుగురికి సరిపోతుంది.

"ఏమైంది మే, చీమ కుట్టిందా?"

గబగబా చెప్పేశాను, వేగంగా మాట్లాడకూడదన్నది మరచిపోయి. త్రివేణి అక్క ఒలికిన సోంపు గింజలను బెంచీ మీంచి దులిపింది. తర్వాత చేయి పైకెత్తింది, స్కూలు పిల్లలాగా. "టీచర్, ఎ వెరీ ఓల్డ్ వెల్ అంటారు కదా. ఆ వెరీ కూడా అడ్వర్బే. లోపల దూరింది కదా, దానికేమంటారు?"

 అవును. వెరీ లోపల ఉంది. ముడి లోపల, ఓల్డ్‌కు అతుక్కుని. ఒక్క క్షణం అంతా పోయిందనుకున్నాను, సోమవారం మిషను, పెడలు మీద పాదం. అంతలో యూనిట్‌లోని కటింగ్ బల్ల కళ్ల ముందుకు వచ్చింది, ముక్క ముక్క మీద సుద్దతో వేసే గుర్తులు. "అది చీటీ కాదక్కా. సుద్ద గుర్తు. చీటీ మూటంతటికీ, సుద్ద గుర్తు ఒక్క ముక్కకే. వెరీ అనేది ఓల్డ్ అనే ముక్క మీద వేసిన సుద్ద గుర్తు."

"కూర్చో టీచర్," అంది త్రివేణి అక్క, చేయి దించి. మాటలో నవ్వు ఉంది, కళ్లలో లేదు. కళ్లలో ఇంకేదో ఉంది. నేను చూశాను, చూసి తల తిప్పుకున్నాను, ఎందుకంటే నాకది తెలుసు, మంచి పాఠం ఎదుటివాళ్ల దగ్గర కనబడితే కలిగే ఆ మంట. పోస్టు ఒక్కటే. వచ్చే ఏటికి ఆమెకు ఉద్యోగపు వయసు దాటిపోతుందని పొద్దున నవ్వుతూనే చెప్పింది.

మరి పిల్లల మెడల్లో వేయడానికి మాటలు కావాలి. నా దగ్గర సర్టిఫికెట్లు తప్ప కాగితం లేదు. వరండా అటు చివర నుంచి అటెండర్ ఆదెన్న వచ్చాడు బిందె, గ్లాసు పట్టుకుని, నీళ్లు తాగి అడిగాను, అన్నా చార్టు ఏమన్నా దొరుకుతుందా అని. "స్టోరు తాళం మేడం దగ్గర ఉండాది, మేడం లోపల ఉండాది, లోపలికి నన్ను పోనీయరు. నేనేం చేసేది పాపా?" అన్నాడు. "నీళ్లయితే ఉండాయి. ఇంకో గ్లాసు తాగు." తాగాను. హార్డ్లీ ఎనీ టైమ్. కాగితం ముక్కలు చింపి చేతిలో పట్టించవచ్చు, కానీ వెనక బెంచీకి కనిపించవు, పట్టీ పట్టుకోవాల్సిన చేతులు కాగితాలు పట్టుకుంటాయి, మెడల్లో వేలాడాలి, వేలాడితేనే ఆట.

త్రివేణి అక్క తన సంచిలోంచి ఒక దొంతర తీసి మా ఇద్దరి మధ్య బెంచీ మీద పెట్టింది. చార్టు ముక్కలు. ఒక్కో దానికి పైన రెండు రంధ్రాలు, వాటిలో పట్టు దారం, మెడలో వేసుకునేంత పొడుగు, మగ్గం మీద మిగిలిన దారం, ఒకటి ఎరుపు, ఒకటి మామిడిపండు రంగు, ఒకటి నెమలి మెడ. గో, వెంట్, గాన్. ఈట్, ఏట్, ఈటెన్. ముత్యాల్లాంటి అక్షరాలు. మూలలు అరిగిపోయి ఉన్నాయి.

"వెనక ఖాళీగానే ఉండాది. రాసుకో."

"వద్దక్కా. నా తర్వాత నీదే కదా."

"నాకు బోర్డు చాలు. చెప్పినా కదా, నిద్దట్లో లేపినా చెప్తా." మార్కర్ మూత తీసి నా చేతిలో పెట్టింది. "నాలుగు ఊర్లు తిరిగినాయి ఇవి నాతో. యాడా నాకు ఉద్యోగం తెచ్చిపెట్టలే. నీ దగ్గరన్నా సిగ్గు తెచ్చుకుంటాయేమో చూద్దాం."

తీసుకోవచ్చా. తీసుకోకూడదు. అమ్మ అయితే తీసుకోదు, పక్క మిషన్ దారపు ఉండ కూడా అడగకుండా ముట్టదు. కానీ అడగకుండానే ఇస్తున్నారు. నాయన అయితే తీసుకుని ఉరుసుకు వేసుకుంటాడు. నా చేయి అప్పటికే రాస్తోంది, సిగ్గు లేకుండా, ఆనందంగా, ఈవెన్, పెద్దగా, వెనక బెంచీ దాకా కనిపించేలా, ద, ఓల్డ్, వెల్, ఓన్లీ, ఆల్మోస్ట్. ఎందుకో ముక్కను తిప్పి చూశాను. ఇంకు దిగింది. పలచటి చార్టు, తడి మార్కరు, నా ఈవెన్ అవతలి వైపుకు దిగి, తిరగబడి, ఆమె వెంట్ మీద నల్లగా పడుకుంది. ఇంకోటి తిప్పాను. అదీ అంతే. ఇక ఇవి ఆమెకు పనికిరావు. బోర్డు చాలని ఆమె అన్నది ఇప్పటిదాకా మర్యాదకు, ఇప్పుడు నిజంగానే బోర్డు తప్ప ఆమెకు ఏమీ లేదు.

"అక్కా, ఇంకు దిగుతాండాది."

ఆమె చూసింది.  దారం చిక్కుపడిన ముక్కను ఒకటి తీసి, నేతవాళ్ల పిల్ల కదా, గోటి కొసతో ఒక్క లాగులో చిక్కు విడదీసి నా ముందు పెట్టింది.

"దిగనీ. ఆపినావేమి? హార్డ్లీ ఇంకా రాయలే."

ఆదెన్న పిలిచాడు. "సమీనా అంట, ఉండారా పోయినారా?" నా పేరే. ఉన్నాను. సంచి పట్టీ విప్పాను, సర్టిఫికెట్లు త్రివేణి అక్క ఒళ్లో పెట్టాను, ఎవరికీ అంత సులభంగా ఇవ్వని సర్టిఫికెట్లు. కుచ్చిళ్లకు పిన్నీసు పెట్టలేదని గడప దాటాక గుర్తొచ్చింది. లోపల వేడి, పిల్లల నూనె తలల వాసన, ముగ్గురు పెద్దలు, నీలం గౌన్ల పిల్లలు, గది నిండా కళ్లు. నలుగురిని పిలిస్తే పదిమంది లేచారు. ముగ్గురి చుట్టూ మా అమ్మ సంచి పట్టీ తిప్పి బిగించాను. మెడల్లో వేయకముందు ఒక్కో మాటనూ పైకెత్తి క్లాసుకు చూపించాను, వాళ్లు చదివారు, గొంతులన్నీ ఒక్కటిగా, ద, ఓల్డ్, వెల్, గోడలు అదిరేలా. ఈవెన్ వేసుకున్న చిన్న పాప ద కూ ఓల్డ్ కూ మధ్య దూరబోయి, పట్టీకి తగిలి, వెనక్కి పడబోయి నవ్వింది, క్లాసంతా నవ్వింది, వెనక బెంచీలో మేడం నోటికి పైట అడ్డం పెట్టుకుంది. యాడ నిలబడల్ల నువ్వు అని అడిగాను, మా ఊరి మాటలోనే. బయట టీచర్, ముందర, అని క్లాసు అరిచింది. నా పాఠం నాకే తీపిగా ఉంది, ఆపేయాలని లేదు.

కానీ ఒక్క విషయం వాళ్లెవరికీ కనిపించలేదు. నేను ముక్క పైకెత్తి పట్టుకున్న ప్రతిసారీ నా మాట వాళ్ల వైపు ఉంది, నా వైపు త్రివేణి అక్క మాట ఉంది. వాళ్లు ఈవెన్ చదువుతుంటే నేను వెంట్ చదివాను. వాళ్లు ఓన్లీ అంటుంటే నేను గాన్ చూశాను, నా ఇంకు కింద నలిగిన ఆ ముత్యాల్లాంటి అక్షరాలను. గోడ అవతల ఆమె నా సర్టిఫికెట్లు ఒళ్లో పెట్టుకుని, ఉత్త చేతులతో తన వంతు కోసం కూర్చుని ఉంది.

ఈ పోస్టు ఎవరికి వస్తుందో నాకు తెలియదు, పాఠం ఇంకా నడుస్తోంది. నాకే వస్తే, ఉరవకొండ దారిలో ఎవరైనా పాప మీతో సరిగ్గా చీటీ బయట కట్టి ఇంగ్లీషు మాట్లాడితే, మీకు నా పేరు గుర్తు రాకపోయినా పర్వాలేదు. ఆ చార్టు ముక్క వెనకవైపు ఒకరున్నారు. ధర్మవరం మగ్గం వెంకటేశులు కూతురు, త్రివేణి. ఆమెను గుర్తుపెట్టుకోండి. పేరుకు ముందు కేవలం అని గానీ, వెనక కూడా అని గానీ తగిలించకండి. త్రివేణి, అంతే.